పశువుల అజీర్ణము – మేతతో దానికి గల సంబంధము



ఉదయము గాడి వద్దకు పోయి చూచినప్పుడు ఎద్దు మేత ముట్టక తల వ్రేలవేసి నిలిచియుండుట, పాలిచ్చు గేదె ఒక్క పూటలోనే సగమునకు సగము పాలు తగ్గించుట – ఈ రెండింటిలో ఒకటియైనను ఎరుగని రైతు కుటుంబము మన ప్రాంతములో ఉండదు. చూచిన వెంటనే ఇంటి పెద్ద “అరగలేదు” అనును. మాట నిజమే కావచ్చును. కాని ఏమి అరగలేదు, ఎందువలన అరగలేదు అని అడుగువారు తక్కువ. ఇంటిలో వాము ఉన్న వాము, నూనె ఉన్న నూనె, సోడా ఉన్న సోడా, పైన ఇంత బెల్లము – చేతికందినది కలిపి వెదురు గొట్టముతో గొంతులో పోయుదురు. కొన్ని పశువులు కోలుకొనును. కొన్ని కోలుకొనవు.

అజీర్ణమనునది ఒక్క జబ్బు కాదు. ఐదారు వేరువేరు స్థితులకు మనము పెట్టుకొన్న ఒకే పేరు అది. ఒకదానికి మేలుచేయు మందు మరియొకదానిలో ప్రాణము మీదికి తెచ్చును. పాడి గేదె వెల నేడు ఎంత ఉన్నదో మీకు నేను చెప్పనక్కరలేదు. అది చచ్చిన ఇంట పాలడబ్బు ఆగిపోవును గాని, దానిని కొనుటకు తెచ్చిన అప్పు ఆగదు.

నేను పశువైద్యుడను కాను; పంటలు, మేత పైరులు బోధించువాడను. అయినను ఈ విషయము వ్రాయుటకు కారణమున్నది. పశువు పొట్టలో చెడునది చాలవరకు అంతకు ముందే పొలములోనో, కళ్లములోనో, గడ్డివాములోనో చెడియుండును. మందు సంగతి పశువైద్యునిది, మేత సంగతి మనది.

పొట్ట లోపల జరుగు వ్యవసాయము

ఆవు, గేదె, గొఱ్ఱె, మేక – నెమరువేయు ఈ పశువులకు పొట్ట నాలుగు గదులుగా ఉండును. మొదటిది అన్నిటికంటె పెద్దది. పూర్తిగా ఎదిగిన ఆవులో ఇందులో 100 లీటర్లకు పైగా పట్టును. ఎడమ డొక్క అంతయు ఇదే ఆక్రమించి యుండును. రెండవది తేనెపట్టువంటి గళ్లు గల చిన్న సంచి. మూడవది పుస్తకములోని పుటలవలె పొరలు గలది. నాలుగవది మాత్రమే మన జీర్ణకోశమువంటిది. జఠరరసము ఊరునది అందులోనే.

గడ్డిలోని పీచును అరిగించు శక్తి ఏ పశువు శరీరమునకును లేదు. ఆ పని చేయునవి మొదటి గదిలో నివసించు సూక్ష్మజీవులు. ఆ రసములో ఒక్క మిల్లీలీటరు తీసినచో వేయి కోట్ల వరకు బాక్టీరియాలు ఉండును. వీనిని గాలి సోకని స్థితిలో పెంచి పరిశీలించు పద్ధతిని ఏర్పరచిన అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హంగేట్ 1966లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించెను. మనము పశువును మేపుచున్నామని అనుకొందుము. నిజమునకు మనము మేపునది ఈ సూక్ష్మజీవులను. పశువును మేపునవి అవి.

ఇవి కూడ మన పైరులవంటివే. ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క ఆహారము సరిపడును. పీచు తినునవి వేరు, పిండి పదార్థము తినునవి వేరు. వరిగడ్డి మీద నెలల తరబడి ఉన్న పశువులో పీచు తినునవి ఎక్కువగా పెరిగియుండును. మేత మార్చినచో వాని జనాభా మారవలెను. అందుకు ఒక్క రోజు చాలదు, రెండు మూడు వారములు పట్టును. చౌడునేలలో పెరుగు పైరును తెచ్చి తోటభూమిలో నాటినట్లు, మేతను ఒక్క పూటలో మార్చి ఫలితము వెంటనే రావలెనన్న రాదు.

మరియొక విషయము లాలాజలము. పెద్ద ఆవు దినమునకు 100 లీటర్లకు పైగా లాలాజలము ఊరించి మ్రింగును. అందులో సహజముగనే సోడా లవణము ఉండును; పొట్టలో పుట్టు పులుపును అది విరుచుచుండును. గడ్డి నమలుటకు, తరువాత 6 నుండి 8 గంటలు నెమరు వేయుటకు నోరు ఎంత పనిచేయునో లాలాజలము అంత ఊరును. అన్నము, పిండి, నూకలు నమలవలసిన పని లేదు. కావున పులుపు పుట్టించు మేత తిన్నప్పుడే దానిని విరుచు లాలాజలము తక్కువగా వచ్చును. ముందు చెప్పబోవు చిక్కులలో చాల వాటికి మూలమిదియే.

చూడవలసిన గుర్తులు

మందు వెదకుటకు ముందు ఐదు నిమిషములు పశువు ప్రక్కన నిలువుడు. నెమరు వేయుచున్నదా? ముట్టె చెమ్మగా ఉన్నదా? పేడ పలుచగా ఉన్నదా, గట్టిగా ఉన్నదా, పుల్లని వాసన కొట్టుచున్నదా? తరువాత ఎడమ డొక్క గుంటలో పిడికిలి గట్టిగా ఆనించి పట్టుడు. ఆరోగ్యముగల పశువులో పొట్ట అలవలె లేచి మీ పిడికిలిని బయటకు నెట్టును. రెండు నిమిషములలో ఇట్లు రెండు మూడు పర్యాయములు జరుగవలెను. ఈ కదలిక మందగించిన అజీర్ణము మొదలైనట్లు; పూర్తిగా నిలిచిన ఆలస్యము చేయరాదు.

అదే గుంటలో వ్రేళ్లతో నొక్కి చూడుడు. డప్పువలె మ్రోగినచో గాలి. నొక్కిన చోట తడిపిన పిండిముద్దవలె గుంట పడి అట్లే నిలిచినచో ఎండు మేత గడ్డకట్టినది. లోపల నీరు కదలినట్లు చప్పుడైనచో పులుపు చేరి నీరు నిండినది. ఈ మూడు తేడాలు తెలిసికొన్నవాడు పశువైద్యునికి ఫోనులో చెప్పు మాటయే సగము వైద్యము.

పశువునకు జ్వరమున్నచో అది ఉత్త అజీర్ణము కాదని తలచవలెను. గొంతువాపువంటి వ్యాధులలో కూడ మొదట కనబడునది మేత మానుటయే. నిన్నటినుండి అరగలేదని సోడా పోయుచు కూర్చున్నచో ఆ రోగములలో విలువైన కాలము గడచిపోవును.

అన్నము, ధాన్యము ఎక్కువ తినుట

నా అనుభవములో మన పల్లెలలో అన్నిటికంటె ఎక్కువ నష్టము చేయునది ఇది. దీనికి వేళలు కూడ తెలిసినవే. పెండ్లిళ్లు, అన్నదానములు జరిగిన మరునాడు. కళ్లములో రాశులున్న పుష్య మాసము. అందులోను కనుమ పండుగ. కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, పొంగలి పెట్టుట మనకు తరతరముల ఆచారము. అది మానుమని నేను చెప్పను. ఏడాది పొడవున మనకు చాకిరి చేసిన జీవమునకు ఒకనాడు మనము తిన్నది పెట్టుటలో తప్పులేదు. ఒక్కొక్క పశువునకు గుప్పెడు పెట్టుడు. ఇంటిలోని అయిదుగురును తలకొక పళ్లెము పెట్టినచో, మిగిలిన గుండెడు కుడితి తొట్టిలో కుమ్మరించినచో, అది మర్యాద కాదు.

పెండ్లిలో మిగిలిన అన్నము పారవేయ మనసొప్పక గేదెకు పెట్టుట మరియొకటి. మరునాటి సాయంత్రము గేదె పడిపోవును. దిష్టి తగిలినదని ఇరుగుపొరుగువారు అందురు. గంపెడు అన్నము తిన్నదను మాట ఎవరికిని తోచదు, ఏలయనగా తిన్ననాడు అది బాగుగనే ఉండెను.

లోపల జరుగునది ఇట్లుండును. ఉడికిన పిండి పదార్థము సూక్ష్మజీవులకు అతి సులభముగ దొరకు ఆహారము. ఉడికిన అన్నము, పిండి, నూకలు త్వరగా పులియును. గింజ గింజగా ఉన్నది కొంత మెల్లగా పులియును. పులియబెట్టు కొన్ని బాక్టీరియాలు కొలది గంటలలోనే విపరీతముగ పెరిగి లాక్టిక్ ఆమ్లము పుట్టించును – పెరుగును పులియజేయు ఆమ్లమే ఇది. ఆ పులుపులో పీచు తినుజీవులు చచ్చును. పొట్ట కదలిక ఆగును. పులుపు గాఢమగుకొలది రక్తములోని నీరు పొట్టలోనికి లాగబడును. అందుచేతనే పశువు పొట్ట నీటితో బరువెక్కి యుండగా శరీరము మాత్రము ఎండిపోవును. కన్నులు లోతునకు పోవును, పేడ పలుచనై పుల్లని కంపు కొట్టును, నడక తూలును. తరువాత ఆమ్లము రక్తములో చేరును. ఈ గుర్తులు సాధారణముగ తిన్న 12 నుండి 36 గంటలలో కనబడును. తీవ్రమైనప్పుడు ఒకటి రెండు రోజులలోనే ప్రాణము పోవచ్చును. బ్రతికిన పశువులలో కొన్నిటికి గిట్టల లోపల వాపు వచ్చి చాలకాలము కుంటును.

కావున గుర్తులకై ఎదురుచూచుట తగదు. పశువు త్రాడు తెంపుకొని ధాన్యపు రాశి మీద పడినదని, లేక అన్నపు గుండెలో మూతి పెట్టినదని తెలిసిన క్షణమే పని మొదలుపెట్టవలెను. మిగిలినది దూరము చేయుడు. ఎంత తిన్నదో ఉజ్జాయింపుగనైనను లెక్క కట్టుడు. దాణా, కుడితి, తవుడు పూర్తిగా ఆపి, మంచి ఎండుగడ్డి ముందు వేయుడు. నమలినకొలది లాలాజలము ఊరును. మెల్లగా నడిపించుడు. మొదటి 12 నుండి 24 గంటలు కడుపునిండ నీరు త్రాగనీయరాదు, కొద్ది కొద్దిగా మాత్రమే ఇయ్యవలెను. ఆ తరువాత అడ్డు పెట్టనక్కరలేదు. పశువైద్యునికి వెంటనే కబురు చేయుడు. 1962 నంబరునకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చు ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రములలోను ఉన్నది. మిక్కిలి ఎక్కువ తిన్న పశువునకు పొట్ట కోసి ధాన్యము తీసివేయవలసి వచ్చును. ఆ శస్త్రచికిత్స తొలి గంటలలో చేసిన ఫలితముండును, పశువు పడిపోయిన తరువాత చేసిన ఉండదు.

కొంచెమే తిని మందగించిన పెద్ద పశువునకు వైద్యుడు వచ్చులోగా 100 గ్రాముల తినే సోడా ఒక లీటరు నీటిలో కరగించి పట్టవచ్చును. సోడా పులుపుతో కలిసినప్పుడు గాలి పుట్టును గనుక పొట్ట అప్పటికే ఉబ్బియున్న పశువునకు పట్టరాదు. బెల్లము మాత్రము ఏ కారణముచేతను పోయకుడు. బెల్లము చక్కెరయే, పులియుచున్న కుండలో మరికొంత చక్కెర వేసినట్లగును. వాము, శొంఠి ఆకలి పుట్టించునవి కావచ్చును గాని పుట్టిన ఆమ్లమును విరుచు శక్తి వానికి లేదు.

గొఱ్ఱెలు, మేకలు కోత కోసిన మొక్కజొన్న చేలలో పడినప్పుడు కూడ ఇదే జరుగును. నేల రాలిన కంకులు ఏరించిన తరువాతనే మందను తోలవలెను. ముందుగా గడ్డి మేపి, ఆకలి తీరిన తరువాత గంటసేపు వదలుటతో మొదలుపెట్టుడు.

దాణా విషయములో ఒక లెక్క చెప్పెదను. పాలిచ్చు ఆవునకు సుమారు రెండున్నర కిలోల పాలకు ఒక కిలో, గేదెకు రెండు కిలోల పాలకు ఒక కిలో దాణా అని వాడుక. ఈనిన మరునాడే పూర్తి లెక్క ప్రకారము పెట్టుట తగదు. రెండు మూడు రోజుల కొకసారి అర కిలో చొప్పున పెంచుకొనుచు పోవలెను. మొత్తము ఒక్క పూట పెట్టక రెండు మూడు పూటలకు పంచవలెను, ముందు గడ్డి వేసి తరువాత దాణా పెట్టవలెను. ఆకలితో నకనకలాడు పశువు ముందు మొదట దాణా బుట్ట పెట్టుట చూచుటకు ప్రేమగ ఉండును గాని పొట్టకు చేటు.

కడుపు ఉబ్బరము

పొట్టలో గాలి పుట్టుట సహజము. పెద్ద పశువు గంటకు పదుల లీటర్ల గాలిని త్రేనుపుల ద్వారా బయటకు వదలుచునే యుండును. ఆ దారి మూసికొనినప్పుడు ఎడమ డొక్క లేచి, వెన్నెముకను మించి ఉబ్బి, ఊపిరితిత్తులను నొక్కును. కొలది గంటలలోనే పశువు చచ్చిపోవచ్చును.

ఇందు రెండు తీరులు గలవు. మొదటిది నురుగు ఉబ్బరము. లూసర్న్, బర్సీం వంటి లేత పప్పుజాతి మేత తిన్నప్పుడు గాలి బుడగలు బుడగలుగా రసములో చిక్కి నురుగగును. నురుగు త్రేనుపుగా రాదు. వరి కోసిన మాగాణిలో చల్లిన పిల్లిపెసర, లేత అలసంద మేపునప్పుడు కూడ ఇదే జాగ్రత్త వలయును. తెల్లవారి మంచుతో తడిసియున్న పైరులో ఆకలిగొన్న పశువును వదలరాదు. కోసిన మేతను కొన్ని గంటలు వాడనిచ్చి, వరిగడ్డి ముక్కలతో గాని చొప్ప ముక్కలతో గాని కలిపి వేయుడు. ఉబ్బరము కనబడినచో పావు లీటరు నుండి అర లీటరు వేరుశనగ నూనె గాని మరి ఏ వంటనూనె గాని పట్టిన నురుగు విరుగును. ఇక్కడ నూనె నిజముగ మందు.

రెండవది అడ్డు పడుటవలన కలుగు ఉబ్బరము. మామిడికాయల కాలములో టెంక, తాటిపండ్ల కాలములో పండు ముక్క గొంతులో ఇరుకుకొనును. పశువు చొంగ కార్చుచు, మెడ చాచి, మ్రింగలేక దగ్గుచుండును. దీనికి నూనె పోసిన ప్రయోజనము లేకపోగా ఊపిరితిత్తులలోనికి పోవును. కఱ్ఱతో లోపలికి నెట్టుట మరింత అపాయము, గొంతు చినుగును. పశువైద్యుడే తీయవలెను. ఏ ఉబ్బరములోనైనను పశువును ముందుకాళ్లు ఎత్తు మీద ఉండునట్లు నిలువబెట్టి, నోటిలో అడ్డముగ ఒక పుల్ల కట్టినచో నమలుచు చొంగ ఊరి త్రేనుపునకు సాయమగును. డొక్కలో సూది గ్రుచ్చుట వైద్యుడు తన ట్రోకారుతో చేయు పని. కొడవలి మొనతో పొడిచి పశువును దక్కించుకొన్నామని చెప్పువారి మాట విని మీరు ప్రయత్నింపకుడు.

జొన్న నాము – అజీర్ణము కానిది

లేత జొన్న తిన్న పశువు పొట్ట కొద్దిగ ఉబ్బి, రొప్పుచు, తూలి పడును. దీనిని కూడ అజీర్ణమే అనుకొని నూనె పోయువారున్నారు. ఇది విషము. జొన్న ఆకులో నుండు ఒక పదార్థము నమిలినప్పుడు చితికి సైనైడును విడుదల చేయును. శరీరము రక్తములోని ప్రాణవాయువును వాడుకొనలేకపోవును; అందుచేత చిగుళ్లు, కనురెప్పల లోపలి పొర ఎఱ్ఱగా కనబడును. నిమిషములలోనే పశువు పోవచ్చును. పశువైద్యుడు నరములోనికి ఎక్కించు హైపో మొదలగు విరుగుడు మందులే దీనికి గతి.

ఇది నా పాఠములోని విషయము గనుక కొంత వివరముగ చెప్పెదను. విషము లేత మొక్కలో మిక్కుటము, ఎదిగినకొలది తగ్గును. కోసిన మోళ్లనుండి వచ్చు పిలకలలో, వానలు లేక గిడసబారిన పైరులో, ఎండిన పైరు ఒక్క వానకు మరల చిగిర్చినప్పుడు అది ఎక్కువగా ఉండును. యూరియా ఎక్కువ వేసిన చేలలో మరింత ఎక్కువ. పైగా బెట్ట తగిలిన ఆ పైరులో నైట్రేటు కూడ నిలువయై మరియొక విషమగును. కరవు సంవత్సరములో మేతకు కటకటపడు రైతునకు కంటికి పచ్చగా కనబడునది ఈ పైరే. ప్రమాదమంతయు అక్కడనే.

పూత దశ దాటిన తరువాత కోసి మేపుడు. నీటి వసతి ఉన్నచో బెట్ట పైరునకు తడి పెట్టి, ఎదగనిచ్చి కోయుడు. కోసి బాగుగ ఎండబెట్టి చొప్ప చేసినను, పాతర వేసినను విషము చాలవరకు తగ్గును. రెండు మూడు గంటలు వాడనిచ్చుట మాత్రము చాలదు. లూసర్నుకు చెప్పిన వాడబెట్టు సూత్రమును ఇక్కడ వర్తింపజేయరాదు. ఆకలి పశువును జొన్నచేను గట్టు మీదుగా తోలుకొని పోవునప్పుడు మూతికి చిక్కము కట్టుడు. కఱ్ఱపెండలము ఆకులలో, తొక్కలలో నున్నది కూడ ఇదే విషమని తూర్పుగోదావరి మెట్ట రైతులు గుర్తుంచుకొనవలెను.

యూరియా

వరిగడ్డికి యూరియా పట్టించి మేపుట మంచి పద్ధతియే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీటిలో కరగించి, పొరపొరకు సమముగ చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ కప్పి 21 రోజులు మాగనిచ్చి, వేయుటకు ముందు కొంతసేపు గాలికి ఆరబెట్టవలెను. ఆరు నెలలలోపు దూడలకు పెట్టరాదు. చిక్కు వచ్చునది యూరియా కలిపిన నీళ్ల బకెట్టు పశువునకు అందునట్లు విడిచిపెట్టినప్పుడు, లేక పొలములో చినిగిన సంచి వద్ద పశువు నాకినప్పుడు. అరగంట మొదలు గంటలోపుననే వణుకు, నురుగు, ఉబ్బరము, పడిపోవుట కనబడును.

ఇందులో పొట్ట పులియదు, దానికి విరుద్ధముగ కారమగును. కావున సోడా పట్టుట అగ్నిలో ఆజ్యము పోయుటయే. వినెగారు రెండు లీటర్లకు తక్కువ గాకుండ, దానితోపాటు వీలైనంత చల్లని నీరు పట్టించి వైద్యుని పిలువవలెను. ఒకే గుర్తు, ఒకే ఉబ్బరము. ఒకచోట సోడా మేలు, ఒకచోట సోడా చేటు. ఏమి తిన్నదో తెలిసికొనక మందు పోయరాదని నేను పదేపదే చెప్పుట ఇందుకే.

ఎండు మేత గడ్డకట్టుట

వేసవిలో వరిగడ్డి మాత్రమే తిని, నీరు తక్కువగ త్రాగు ఎద్దులలో పొట్ట మెల్లమెల్లగ గడ్డకట్టును. పేడ నల్లగ, గట్టిగ, జిగురు పట్టి వచ్చును. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 వంతులకు మించవు. అంత తక్కువ నత్రజనితో సూక్ష్మజీవులు పెరుగలేవు. అవి పెరుగనిదే గడ్డి కరగదు. భేదిమందు పోసిన కొంత వదలును గాని మరల అదే మేత వేసిన మరల అదే స్థితి. గడ్డిని ముక్కలు చేసి, కొద్దిగ ఉప్పునీరు చల్లి, దానితో ఏదో ఒక పచ్చిమేత చేర్చుటయే మార్గము. బోరు క్రింద ఐదారు సెంట్లు ఏ.పి.బి.ఎన్-1 వంటి హైబ్రిడ్ నేపియర్ గడ్డి ఉన్నను జత ఎద్దులకు కొంత ఆధారము. గట్ల మీది అవిసె, సుబాబుల్ ఆకు కూడ వేయవచ్చును. సుబాబుల్ మొత్తము మేతలో మూడవ వంతుకు మించరాదు. వేసవిలో పెద్ద పశువునకు రోజుకు 40 నుండి 60 లీటర్ల నీరు కావలెను, పాలిచ్చుదానికి ఇంకను ఎక్కువ.

రాయలసీమలో వేరుశనగ కట్టెను మట్టి దులుపకుండ వామి వేయుదురు. ఆ ఇసుక అంతయు పొట్ట అడుగున పేరుకొనును. వామి వేయుటకు ముందు ఒక్క రోజు కూలి ఖర్చు పెట్టి దులిపించుట దండుగ కాదు. పెంటకుప్పల మీది ప్లాస్టిక్ సంచుల మాట చెప్పవలసిన పనియే లేదు. అవి ఏ మందుకును కరగవు, కత్తికి తప్ప బయటకు రావు.

మందు పట్టునప్పుడు

పై మందులన్నిటికంటె ఎక్కువ పశువులను చంపునది మందు పట్టు తీరేమో యని నాకు తోచును. తల ఆకాశమునకు ఎత్తి, నాలుక పట్టి లాగి, లీటరు ద్రవము ఒక్క ఊపున పోసినచో అది ఊపిరితిత్తులలోనికి పోవును. మూడు నాలుగు రోజులకు పశువు రొప్పుచు చచ్చును, అజీర్ణముతో పోయినదని అందురు. ముట్టె కంటి ఎత్తునకు మించి లేవరాదు. నోటి ప్రక్కనుండి గొట్టము చొనిపి, కొంచెము కొంచెముగ పోయుచు, మ్రింగుట చూచుచు ఉండుడు. దగ్గినచో వెంటనే తల వదలుడు. పడిపోయి స్పృహలేని పశువు నోట చుక్క కూడ పోయరాదు.

కోలుకొన్న పశువు

నెమరు మరల వేయుచున్నదనిన గండము గడచినట్లే. అయినను పీచు తినుజీవులు చాల భాగము నశించియుండును. ఆరోగ్యముగల పశువు పొట్టలోని రసమును తీసి దీనికి పట్టించుట పశువైద్యులు చేయుదురు. విత్తనము చచ్చిన మడిలో మరల నారు తెచ్చి నాటుటవంటిది అది. మొదటి రెండు మూడు రోజులు మంచి ఎండుగడ్డి, కొద్దిగ పచ్చిమేత, శుభ్రమైన నీరు మాత్రమే. నాలుగవ రోజున గుప్పెడు తవుడుతో మొదలుపెట్టి, పది పన్నెండు రోజులలో మెల్లగ పాత దాణా లెక్కకు తీసికొనిరండు. పాలు అన్నాళ్లును తగ్గియే యుండును. పాలకేంద్రములో లీటర్లు తగ్గినవని దాణా త్వరగా పెంచినచో జబ్బు తిరుగబెట్టును. ఎద్దును వారము దినములు కాడికి కట్టకుడు. దుక్కి అదను పోవుచున్నదన్న ఆ వారమునకు పొరుగువాని జతనో ట్రాక్టరునో బాడుగకు మాట్లాడుకొనుడు.